ఈనె

టంగుటూరు గ్రేడింగు షెడ్లో
ముప్పై యేళ్ళు ఆకు మీద చెయ్యేసి చెప్పా,
ఇది మేలు, ఇది మాడు, ఇది పచ్చమచ్చ అని.
కళ్ళు మూసుకున్నా వేలికొస చెప్పేది.
మేస్త్రీకి అనుమానమొస్తే
"చెంచురత్తానికి చూపీండే" అనేవాడు.

ముందు కీళ్ళు పట్టాయి.
జడేసుకోవాలంటే పొద్దు బారెడెక్కాల్సిందే.
సరే, అది అందరికీ తెలిసిన నొప్పి,
ఇంటికో మందు చెప్పారు,
వావిలాకు కాగబెట్టి కట్టా.

ఈ యేడు వేరే.
గోళ్ళ పక్కన నల్లచుక్కలు,
తుమ్మముల్లు గుచ్చుకుని మరిచిపోయినట్టు.
పిక్కల మీద ఎర్రపొడలు.
చీలమండ పైన రూపాయి బిళ్ళంత పుండు,
అంచు గీసినట్టుగా, లోపల పాలిపోయి.
షుగరన్నారు. షుగరు లేదు.
ఎడం కాలి చెప్పు
ఎప్పుడు జారిపోయిందో
రైలుగేటు దాటి వెనక్కి చూస్తేగానీ తెలీలా.

ఒంగోలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ, చిన్నపిల్ల,
పొడల మీద గాజుపలక పెట్టి నొక్కింది.
తెల్లబడలేదు.
ఆకును నేనూ అట్టాగే నొక్కేదాన్ని.
ఏం గ్రేడమ్మా, అన్నా.
నవ్వలేదు.

కీళ్ళజబ్బేనంట. కీళ్ళు దాటి
రక్తనాళాల్లోకి దిగిందంట.
నాళం గోడ వాచి దారి మూసుకుంటే
అవతల చర్మానికి కూడు అందదంట,
నరానికీ అంతేనంట.
చీటీ వెనక గీసి చూపించింది:
నడిమధ్య ఒక గీత, పక్కలకి సన్నగీతలు.
అంత చదివిన పిల్ల
పొగాకు గీసింది.

ఎన్ని లక్షల ఆకులకు ఈనె లాగానో.
చర్రుమని ఒక్క చప్పుడు,
ఆకు రెండు చీలికలై ఒళ్ళో పడేది,
ఈనె చెత్తలోకి.
దానికీ ఒకనాడు నీళ్ళు మోసే పనుందని
ఎవరనుకున్నారు?

చుట్ట తాగుతావా, అంది.
మధ్యాన్నం ఒకటి, పడుకోబోయే ముందొకటి.
మానెయ్, ఇవాళే, అంది.
పుండు పక్కన గింజంత చర్మం తీసి
పరీక్షకంపుతారంట, ఆపైన సూదిమందు.
చీటీ చెంగున కట్టుకున్నా.
ముడి పడేసరికి నాలుగుసార్లయింది.

షెడ్లో నా పీట మీద ఇప్పుడు
మార్తమ్మ కూతురు.
నిన్న ఒకాకు ఇంటికి తెచ్చి
"పెద్దమ్మా, ఇదేంది, మాడా, మచ్చా?" అంది.
వేలు పెట్టా.
వేలికేం తెలీలా.
వాకిట్లోకి తీసుకుపోయి
ఎండకెదురుగా ఎత్తి పట్టుకున్నా,
ఈనెలన్నీ కనపడ్డాయి, కొస దాకా.

మచ్చే.
పక్కన పెట్టు.