పదహారు గింజలు

పడవలు ఎప్పుడొస్తే అప్పుడే మాకు పొద్దు.
రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది.
అవతల బూషాయిబ్ గొంతు: "చేప వచ్చింది."
అంతే. పేరు పెట్టి పిలవడు, ఎలా ఉన్నావనడు.
సఫీ రేవు ఇంకా పొగమంచు కప్పుకునే ఉంటుంది.
నేను తలగుడ్డ బిగించి
చద్ది రొట్టె చంకలో, గుప్పెడు ఆలివ్‌లు ఏప్రన్ జేబులో
పోసుకుని గుమ్మం దిగుతాను.

సార్డీన్‌కి కనురెప్పలుండవు.
తల తుంచు, పేగు లాగు, డబ్బాలో పడుకోబెట్టు.
తల తుంచు, పేగు లాగు.
ఇరవై రెండేళ్ళుగా పడుకోబెడుతూనే ఉన్నాను,
ఒక్కటీ కళ్ళు మూయలేదు.

పెట్టెకింత అని కూలి.
గంటకింత అంటే నిలబడ్డ కాళ్ళకి కూడా
కట్టాల్సొస్తుందని యజమాని భయం.
పడవ రాని రోజు డబ్బుండదు,
వచ్చిన రోజు ఒళ్ళుండదు.

నేను పదహారు నింపితే
బూషాయిబ్ పుస్తకంలో పద్నాలుగు.
రోజూ కాదులెండి, రోజూ తీస్తే దొంగ అంటారు.
వారానికి రెండుసార్లు,
అదీ మేము నిలబడే నిద్రపోయే వేళ చూసి.

మొదట్లో ఆ కోపాన్ని ఇంటికి మోసుకెళ్ళేదాన్ని.
గిన్నెల మీద చూపించాను, తలుపు మీద చూపించాను.
ఒకరాత్రి మా ఆయన అన్నాడు,
"నీ కూలి వాడి దగ్గరా, నీ కేకలు నా దగ్గరా?"
నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

హమ్మామ్‌లో ఆడవాళ్ళతో చెప్పుకున్నాను.
ఆవిరిలో ఎవరి మాట ఎవరిదో తెలియలేదు,
అందరిదీ పద్నాలుగే.
వీపులు రుద్దుకున్నాం, తిట్టుకున్నాం,
తేలికపడి ఇళ్ళకి పోయాం.
చేతుల వాసన మాత్రం పోలేదు.

కొత్తగా చేరిన ఘిజ్లాన్,
నిండా పందొమ్మిది లేవు,
"మానెయ్యొచ్చుగా పిన్నీ" అంది.
మానేసి ఎక్కడికి పోను?
పక్క ఫ్యాక్టరీలోనూ ఇవే చేపలు,
అక్కడొక బూషాయిబ్, వేరే మీసంతో.
ఇంకో మాట దానికి చెప్పలేదు, సిగ్గేసింది.
నాకీ పని ఇష్టం.
డబ్బాలో ఆరు చేపలు తలకీ తోకకీ కుదిరి
వెండి చెంచాల్లా సర్దుకున్నప్పుడు
ఒక క్షణం బాగుంటుంది.
ఆ క్షణానికి ఎవరూ కూలి కట్టరు,
కోయడమూ ఎవరికీ చేతకాదు.

ఆరోజు నేనేమీ అనుకుని చేయలేదు.
ఆకలేసింది.
పెట్టె నిండినప్పుడల్లా ఒక ఆలివ్ నోట్లో వేసుకున్నాను,
గింజ రెండో జేబులో పడేశాను.
అస్ర్ నమాజు పిలుపు వినబడేసరికి
జేబు గలగలమంది.

"మహ్జూబా, పద్నాలుగు" అన్నాడు బూషాయిబ్.
పొలుసులంటిన వేళ్ళతో
ఒక్కొక్కటే అతని బల్ల మీద పెట్టాను.
వెనక వరసలో మాటలు ఆగిపోయాయి.
"ఏంటివి?"
"నా పుస్తకం."
"నీకు చదువు రాదుగా."
"మీకొచ్చుగా. చదవండి."

తల గోక్కున్నాడు. తలుపు వైపు చూశాడు.
పద్నాలుగు కొట్టేసి
పదిహేను రాశాడు.
దేవుడి మీద ఒట్టు, బేరమాడాడు!
పదిహేను గింజలు ఏరుకున్నాను.
పదహారోది అతని పుస్తకం మీదే వదిలేశాను,
పేజీ తిప్పినప్పుడల్లా అడ్డం పడాలని.

కూలి పెరగలేదు.
నడుం నొప్పి నడుంలోనే ఉంది.
యజమాని కారు కొత్తది.
కానీ ఆ సాయంత్రం
మా ఇంటి తలుపు నేను మెల్లగా వేశానని
మా ఆయన రెండుసార్లు అడిగాడు, ఒంట్లో బాలేదా అని.

మర్నాడు చేపల బల్ల దగ్గర
ఘిజ్లాన్ నా పక్కకి జరిగి, తలెత్తకుండా,
"పిన్నీ, నువ్వు ఆలివ్‌లు ఎక్కడ కొంటావు?
గింజ పెద్దవి కావాలి."