తాళం మూత

అంబనిడియా ఎత్తు సగం ఎక్కాక
మళ్లీ ఆగింది.
దగ్గలేదు, కొట్టుకోలేదు.
మాట మధ్యలో ఇంకేదో పని గుర్తొచ్చినట్టు
మెల్లగా మానేసింది.

నాకంటే ఆరేళ్లే చిన్నది, మీగడ రంగు రెనో.
మా ఊళ్లో కత్రెల్ అంటారు.
నేలరేకులో అరచేతంత చిల్లు,
అంతనానరివో రాళ్లబాటంతా
దాన్లోంచే చూశాను ముప్పయ్యేళ్లు.

చక్రం వెనక ఇటుక పెట్టాను.
హ్యాండ్‌బ్రేకు పేరుకే, ఇటుకే అసలుది.
వెనక సీట్లో నీటికూర మోపుతో మదాం హనిత్ర
టైమెంతని అడగలేదు.
ఆకుల వంక చూసుకుంది.
అవి వాడే వేగమే ఆవిడ గడియారం.

బానెట్ ఎత్తాను.
నాకు తెలిసిన శాస్త్రం మూడు ముక్కలు:
నిప్పుందా, చమురుందా, గాలుందా.
ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించి
తాళం తిప్పమన్నాను మదాముని.
నీలంగా చిటుక్కుమంది. నిప్పుంది.
గాలి జల్లెడ నిన్ననే దులిపాను.
కార్బురేటర్ గిన్నె చూస్తే
ఎండాకాలపు చేను.
పెట్రోలు పైపు ఊడదీసి నోటితో లాగాను.
రాలేదు సరికదా,
అదే నా నాలుకని లోపలికి లాగింది.

మూడు వారాలుగా ఇదే వరస.
ఇసోత్రీలో రసోలో కాయిల్ మార్చాడు.
వాడి బావమరిది పంపు మార్చాడు.
ఇంకొకాయన ఏమీ మార్చకుండా
చాలాసేపు తలాడించి డబ్బు తీసుకున్నాడు.
ఇరవై నిమిషాలు వదిలేస్తే తనంతట తనే లేస్తుంది, అదీ విడ్డూరం.
వేడన్నారు. పంపు మీద తడిగుడ్డ వేశాను,
జ్వరం పిల్ల నుదుటి మీద వేసినట్టు.
పెద్దల సమాధి దగ్గర ఈ ఏడు
రమ్ము చుక్క పొయ్యలేదుగా అంది మా అత్త.
అదీ పోశాను.

అప్పుడొచ్చాడు తుకీ.
ఎత్తుల దగ్గర కాపు కాసి
ఆగిన బళ్లు తోసి బతికే కుర్రాడు.
ఒక చెప్పు నీలం, ఒక చెప్పు పచ్చ.
బండి చుట్టూ తిరిగి
నన్ను చూసి అడిగాడు:
"పెట్రోలుందా?"

ముప్పయ్యేళ్ల టాక్సీవాణ్ని!
చెవులు వేడెక్కాయి.
చూడరా, కళ్లారా చూడు అని
మెడలోంచి తాళంచెవి తీసి
ట్యాంకు మూత తిప్పాను.

ఉస్సుమంది.
బయటికి కాదు, లోపలికి.
నీళ్లడుగు నుంచి పైకొచ్చిన మనిషి
మొదటి గుక్క తీసుకున్నట్టు
ఎంతసేపో.

మదాం హనిత్ర గడ్డిటోపీతో సహా
కిటికీలోంచి తల బయటపెట్టింది.
కొత్త మూత తిరగేసి చూశాను. మెరిసే ఇత్తడి.
పాతదానికి సూదిమొనంత చిల్లుండేది.
దీనికి లేదు.
ఓ రాత్రి ఎవడో గొట్టం వేసి
ట్యాంకంతా పీల్చుకుపోతే
మర్నాడే కొన్న మూత ఇది.
ఎప్పుడు కొన్నానని వేళ్ల మీద లెక్కపెట్టాను.
మూడు వారాలు.
అదే మూడు వారాలు.
లెక్క నా మెడలోనే వేలాడుతోంది ఇన్నాళ్లూ.

పైపు బిగించి తాళం తిప్పాను.
రెండోసారికి అందుకుంది.
తుకీ చెయ్యి చాపాడు.
నువ్వు తొయ్యలేదుగా అన్నాను.
"అవును" అన్నాడు, చెయ్యి తియ్యకుండా.
తోసినవాడికి రేటు తెలుసు,
అడిగినవాడికి ఎంతివ్వాలి?
కాయిల్ ఖరీదు గుర్తొచ్చింది, పంపు ఖరీదు గుర్తొచ్చింది,
తలాడించినాయన గుర్తొచ్చాడు.
అయిదువేల అరియరీలు పెట్టాను.
మదాం ఒక కట్ట కూర పెట్టింది, వాడిపోనిదే ఏరి.

రాత్రి గడప మీద మూత పెట్టుకుని
సుత్తీ మేకూ తీశాను.
గాలికి చాలాలి, గొట్టానికి చాలకూడదు.
అంత పెద్ద మేకెందుకని
మా ఆవిడ తన కుట్టుసూది ఇచ్చింది.
విరిగింది.
లోపల డబ్బాలో
ఇంకోటి వెతుకుతోంది.