ముగ్గురిని అడిగాక

ఫహాహీల్‌లో శుక్రవారం, పొద్దున తొమ్మిది.
సోఫాలు గోడకు నెట్టేస్తే మా హాలే బడి.
పద్దెనిమిది మంది పిల్లలు, నేనొక్కదాన్ని.
మిగతా రోజుల్లో క్లినిక్‌లో రక్తం తీస్తాను.
మునివేళ్లతో నరం వెతకడం వచ్చుగానీ
పిల్లల్ని కూచోబెట్టడం ఇక్కడే నేర్చుకున్నాను.

భోజనాల బల్ల దగ్గర నలుగురే నాకు.
ఈ అరగంటా వాళ్ల నాలుకలతోనే పని.
కల, కళ. వేలు, వేళ్లు.
నాలుక వెనక్కి మడత పడాలి,
మడత పడనిదే ళ పలకదు.

తక్కిన పద్నాలుగు మందికీ ఎవరి పని వాళ్లకుంది.
లబన్ సీసాల మూతల మీద అక్షరాలు రాసి పెట్టాను,
ఏరుకుని మాటలు కట్టుకోవాలి.
పోయిన గాలిదుమారం బాల్కనీలో వదిలేసిన ఇసుకని
జల్లించి కేకు పళ్లెంలో పోశాను.
వేలితో రాయాలి, తుడవాలి, మళ్లీ రాయాలి.
జతగా చదివేవాళ్లు మోకాలికి మోకాలు ఆనించి
ఒక్క పుస్తకాన్ని నాలుగు చేతులతో పట్టుకుంటారు.
ఎబినేజరు మాత్రం ఫ్రిజ్‌కి చదివి వినిపిస్తాడు.
అది మధ్యలో ఆపి తప్పులు దిద్దదట.

నా మెడలో ఎర్ర చున్నీ ఉన్నంతసేపూ నన్ను పిలవకూడదు.
సందేహమొస్తే ముందు ముగ్గురిని అడగాలి.
ముగ్గురికీ రాకపోతేనే నా దగ్గరికి.

మొదటి వారాల్లో ఎంత గోల!
మూత సోఫా కిందికి పోయిందని ఒకడు,
ఇసుక కంట్లో పడిందని ఒకతె.
ఒక చెవి బల్ల దగ్గర పెట్టి
రెండోదాన్ని గదంతా తిప్పేదాన్ని.
ఇప్పుడు తెలుసు,
పనిలో ఉన్న పిల్లల చప్పుడు
అన్నం ఉడుకుతున్న చప్పుడులా ఉంటుంది.
మాటిమాటికీ మూత తీసి చూడక్కర్లేదు.
ఆగిపోతేనే భయం.

ఆ వేళ ఆగింది.
తల తిప్పితే ఇసుక పళ్లెం లేదు, షబ్రీన్ లేదు.
కుర్చీ వెనక్కి పడేలా లేచాను.
వీధి తలుపు ఓరగా తీసి ఉంది.
చెప్పుల గుట్ట దాటితే మెట్ల దగ్గర
కాలిపోయిన ట్యూబులైటు మారుస్తూ నిచ్చెన మీద
మా బిల్డింగు హారిస్ అబూ హమ్ది.
కింద, పళ్లెం పట్టుకుని, ఇది.

'పాఠం' రాయాలంట.
ట నా, ఠ నా?
మోక్షితని అడిగితే తెలీదంది.
పెంచలసాయి, రెండూ ఒకటే పో అన్నాడు.
మూడో మనిషి కావాలి కదా!

మన్సూరా పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి,
తెలుగు ఒక్క ముక్క రాదు.
అయినా నిచ్చెన దిగాడు,
అద్దాలు నెత్తి మీంచి ముక్కు మీదికి లాక్కున్నాడు.
ఇండియన్ స్కూల్లో నేర్చిన అరబ్బీతో
ఈ మూడడుగుల పిల్ల ఆయనకి ఠ చెబుతోంది.
ఇదీ గుండ్రం. నెత్తిన పిలక. కడుపులో చుక్క.
చుక్కుంది కాబట్టి ఊదుతూ పలకాలి,
నోటి ముందు చెయ్యి పెట్టుకో అమ్మో,
గాలి తగలకపోతే అది ట.

ఆయన చెయ్యి పెట్టుకున్నాడు. పలికాడు.
తగిలింది కాబోలు, నవ్వాడు.
ఇసుకలో ఒక గిన్నె గీసి పైన చుక్క పెట్టాడు.
ఇది మా నూన్,
మీవాళ్లు దీనికి మూతేశారు, అంతేగా!

నేను గడపలో నిలబడే ఉన్నాను.
ముగ్గురినీ అడగడమైపోయింది, ఇక నా వంతు.
గొంతు సవరించుకున్నాను కూడా.
షబ్రీన్ నా చున్నీ వంక చూసింది,
"ఏం లేదు మిస్సూ, నాకొచ్చేసిందిలే."

చెరగకుండా, ఊగకుండా, రెండు చేతులా పట్టుకుని
పళ్లేన్ని లోపలికి నడిపించుకుపోయింది,
పా, ఠ, సున్నా,
వాటి పక్కన మూతలేని గిన్నె.

బల్ల దగ్గరికొచ్చేసరికి నా నలుగురూ
ఒకరి నోట్లోకి ఒకరు తొంగిచూస్తూ
నాలుకలు మడిచి చూసుకుంటున్నారు.
నేను కూచోవాలా, ఇంకాసేపు ఆగాలా?

బయట ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.
ఆ వెలుతురు కింద ఎవరో
తన అరచేతిలోకి తనే ఊదుకుంటున్నారు.