నింబస్సు

కళ్యాణదుర్గం. శెనక్కాయల మిల్లు మిద్దె.
కరెంటు లేదు.
వాతావరణం పేపరుకి ఇంకా ఆరు రోజులు.
ప్రశ్నలన్నీ తెలుగు లిపిలో రాసిచ్చాను
వాచ్‌మన్ ఎర్రిస్వామి మామకి.
టార్చి చంకలో ఇరికించుకుని
క్యు... ము... లో... నిం... బస్
అని కూడబలుక్కున్నాడు.
"ఈ బస్సు యాడికి పోతాది పాపా?"

పిడుగుల్లోకి మామా.
విమానం దాని దరిదాపులకు పోకూడదు.

"ఒగసారి దాన్ని
మా చేని మీదికి తోలుకోనిరా."

ఐసోబార్లు, తుషార బిందువు, గాలి కోత.
నేను తప్పు చెప్పినప్పుడల్లా
ఒక కాయ ఒలిచి తను తింటాడు.
పదకొండింటికి నా ముందు
దోసెడు పొట్టు.

"మబ్బు లేదు, వాన లేదు,
పది కిలోమీటర్ల దాకా చూపు ఆనుతాది.
దీన్నేమంటారు?"
కావోకే. అంతా బాగుందని.
"బాగుందనా?"
టార్చి పైకి తిప్పి
చాలాసేపు ఆర్పలేదు.

ఆఖరిది.
"తడిగాలి కొండెక్కి దిగితే
ఏ పక్క ఎండుతాది?
ఏ..."
ఆప్షన్లు చదవకుండానే
నోటుబుక్కు మూసేశాడు.
"మన పక్క."

సరైన జవాబు సి.
సి పక్కన పెన్సిలుతో
మన పక్క అని రాసుకున్నాను,
పరీక్షలో తడబడకుండా.