నూటొక్కటి

మలక్‌పేట గంజి ముందర మా మందుల దుకాణం.
నాలుగేండ్లుగా కౌంటర్ వెనక నేను.
అవతల, మోచేతులు ఆనిచ్చి బీరయ్య.
ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీ,
మీసాలల్ల కూడా ఉల్లిపొర ఒకటి ఇరుక్కొని ఉంటది.

దవాఖాన చిట్టిని దూరంగ పట్టుకుంటడు,
దగ్గరికి తెస్తడు, మళ్ల నాకే ఇస్తడు.
"అద్దాలు ఇంట్ల మర్చిపోయిన బిడ్డా, జర నువ్వే చూడు."
నాలుగేండ్లుగా ఆ అద్దాలు ఇంట్లనే ఉన్నయి.
నేను అడగలె.

ఒకనాడు గోలీల అట్ట మీద పెన్నుతోటి రాసిన:
1-0-1.
అంకెలు వస్తయి ఆయనకు,
లారీ నంబర్లు, బస్తాల లెక్క.
"నూటొక్కటా?" అన్నడు.
పెండ్లిల చదివింపు లెక్క
నూటొక్క రూపాయి తీసి కౌంటర్ మీద పెట్టిండు,
ఆ ఒక్క బిళ్లను విడిగ, మర్యాదగ.
ధర డెబ్బై ఆరు.
చిల్లర తిరిగిచ్చిన. నవ్విన కూడ.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పలె.
వెనక ఆరుగురు నిలబడి ఉండిరి.

కంపెనీ మారింది.
తెల్లగోలీ గులాబీరంగుల వచ్చింది.
రెండూ వేరనుకున్నడు, రెండూ మింగిండు.
బస్తా కింద కూలబడితే
తోటి హమాలీలు ఆటోల ఉస్మానియాకు తీస్కపోయిన్రు.
షుగర్ అడుగంటిందట.
"అట్ట మీద పేరు చూస్కోవా?" అని ఎవరో కసిరితే
అద్దాల ముచ్చటే చెప్పిండట, సెలైన్ ఎక్కుతుండంగ.

మళ్ల వచ్చిండు, ఇంత చిక్కి.
ఈసారి తప్పు దిద్దుకుందామని
డబ్బా మీద సూర్యుణ్ణి గీసిన, కిరణాలతో సహా.
పక్కన నెలవంక.
చాలాసేపు చూసిండు.
"సూర్యుడు పొడిస్తే నేను పండుకుంట గద బిడ్డా.
లారీలొచ్చేది రాత్రి రెండింటికి.
ఉత్త కడుపు మీద ఏస్కోమంటవా?"

నాలుగేండ్లు ఎదురుంగ నిలబడ్డ మనిషి
ఏ యాళ్లకు తింటడో నాకు తెల్వదు.

చెవి సందుల నీలం సుద్దముక్క తీసిండు బీరయ్య.
బస్తాల మీద గీసేటట్టు
డబ్బా మీద ఒక వాలుగీత,
దాని కింద రెండు చుక్కలు, పక్కన కొక్కెం.
నా దిక్కు తిప్పి పెట్టిండు.
"ఇగ నువ్వు చదువు."

దూరంగ పట్టుకున్న. దగ్గరికి తెచ్చిన.
"అద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అన్న.

నా ముక్కు మీది అద్దాలను చూసిండు.
రద్దీ అట్లనే ఉంది, ఎవరో పైసలూపుతున్నరు.
"సరేగని," అన్నడు, ముందుకు వంగి,
"నేను చెప్త, విను."