నాలుగడుగుల తొమ్మిదంగుళాలు

వేదాయపాళెంలో కామాక్షి నివాస్. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు.
గేటు స్తంభానికి డ్రిల్లు పెట్టింది నేనే.
నేల నుంచి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు,
కంపెనీ పుస్తకంలో రాసుండే ఎత్తు.
మనిషి మొహం నిలబడే ఎత్తంట అది.
ఏ మనిషిదో రాయలేదు.

బటన్ నొక్కితే పైన గంట మోగుద్ది, తెర వెలుగుద్ది.
చేపకన్ను అద్దం కదా,
ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి.
అందులో అందరూ బుగ్గలోళ్ళే.
తాళం బొమ్మ మీద వేలు పెడితే
కింద ఇనప గేటు టక్‌మంటుంది.
లోపలోళ్ళకి అంతే పని.
బయటోళ్ళకి ముప్పై సెకన్లు.
ఈలోగా ఎవరూ పలక్కపోతే
తెర దానంతటదే ఆరిపోద్ది,
నువ్వింకా నిలబడే ఉంటావు.

పది రోజులకి మూడువందల రెండు నుంచి ఫోను:
"మస్తానూ, నీ కెమెరా చెడిపోయిందయ్యా.
పొద్దున్నే గంట మోగుద్ది, చూస్తే తెరనిండా గంప.
రొయ్యమీసాలు ఊగుతుంటాయి. మనిషే లేదు."

వైరు చూశా. కరెంటు చూశా. తడిగుడ్డతో అద్దం తుడిచా.
మిషను దాచుకున్న బొమ్మలు ఒకటొకటే తిప్పా.
హెల్మెట్టు తియ్యని పార్శిల్ కుర్రోడు,
ఎవరి పిల్లోడో చాపిన నాలుక,
గ్యాసు బండ మోసే భుజం,
పది పొద్దులూ పది గంపలు.
లోపమేమీ లేదు.
టీ తాగొచ్చి ఏడింటి దాకా కాచుకోనుండా.

మైపాడు బస్సు దిగి నడిచొచ్చింది నాగూరమ్మ.
చుట్టకుదురు దాకా కొలిస్తే నాలుగున్నర అడుగులు,
అందులో అరంగుళం గంప బరువుకి కుంగి ఉంటది.
"కాస్త దించి నిలబడు పెద్దమ్మా,
మొహం కనపడాలంట."
"దించడం రాకనా అబ్బయా?
మళ్ళా ఎత్తేదెవరు?"

అప్పుడు చూశా, గేటు పక్క ఖాళీ జాగా.
ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళ గుంటలు నాలుగు
మట్టిలో ఇంకా పూడలేదు.
పెంచలయ్య కూర్చున్న చోటు.
వచ్చినోళ్ళ పేర్లన్నీ పుస్తకంలో రాసేవాడు,
నాగూరమ్మ పేరు ఒక్కనాడూ రాయలేదంట.
రెండు చేతులా గంప పట్టినోడు
పెన్ను యాడ పట్టుకుంటాడు?
ఎత్తేటప్పుడు హుఁ అని ఒక్క ఊపు,
ఇద్దరి మెడనరాలూ ఒక్కసారే బిగిసేవంట.

ఈ పెట్టె అమ్మేటప్పుడు
సెక్రటరీ ముందర లెక్క వేసి చూపించింది నేనే.
పెంచలయ్య పదకొండు నెలల జీతం, మిషను ఖరీదు,
రెండూ సమానం, పన్నెండో నెల నుంచి లాభమే అని.
జీతం కాడ గీత కొట్టింది నా పెన్నే.
గంప ఎత్తడం ఆ లెక్కలో ఏ వరసలోనూ లేదు.

ఆ పొద్దు నేనే చెయ్యేశా.
గంప అడుగు నుంచి ఉప్పునీళ్ళు
మోచేతుల దాకా కారాయి, మంచు చలి.
ఆమె మెడ అటూ ఇటూ తిప్పి, కొంగుతో మొహం తుడుచుకుని
బటన్ నొక్కింది.
"ఓ, నువ్వా!" అంది స్పీకరు.
టక్.

సర్వీసు కాగితంలో లోపం అని ఒక గడి ఉంటుంది.
అందులో ఏం రాయాలో తెలీక
'కెమెరా ఆరంగుళాలు కిందికి దించడమైనది' అని రాశా.
దించా కూడా.
పాత బెజ్జాలు సిమెంటు పూసినా
స్తంభం మీద కనపడతానే ఉండాయి.

రేపు ఏడింటికి నాకు కావలిలో పని.
నాగూరమ్మ వస్తుంది, గంప నెత్తినే ఉంచుకుని నొక్కుద్ది.
తెరలో మొహం చక్కగా పడుద్ది ఇప్పుడు,
నుదుటి చెమట కూడా.
గంపే, పై అంచుకాడ
తెగిపోద్ది.