లంగరు దీపాలు

కళ్లజోడు కాదది, తలకి తొడిగే చిన్న గది.
పట్టీ బిగించి మెహరున్నీసా
"మంచుకొండ చూడండి బాబాయ్" అంది.
చూశాను.
ఉప్పు కుప్పలా ఉంది.
మంచు నేనెప్పుడు చూశాను గనక?
నా ఎడమకాలు నమ్మలేదు,
తుంటి నించి మడమ దాకా
వెల్డింగు రవ్వలు రాలుతూనే ఉన్నాయి.

మర్నాడు సముద్రం పెట్టింది.
ఎవరి సముద్రమో,
అలలన్నీ ఒకే కొలత.
డీజిలు కంపు లేదు, కాకి లేదు,
వల దగ్గర ఎవరూ ఎవర్నీ తిట్టుకోవడం లేదు.
ఇదేం సముద్రమమ్మా అని నవ్వాను.
నవ్విన కాసేపు కాలు సంగతి మరిచాను.
అది మాత్రం రాసుకుంది ఆ పిల్ల.

"ఇంటి దగ్గర ఇది ఉండదు కదా,
కళ్లు మూసుకుని మీకు మీరే చెప్పుకోండి,
పది నించి కిందికి లెక్కపెట్టండి."

ఇరవై ఆరేళ్లు రేవులో క్రేను తిప్పినవాణ్ణి,
కిందికి దించడం నాకు నేర్పాలా?

రాత్రి రెండింటికి
జాలారిపేట మేడ మీద
నూకరత్నం నిద్ర చెడకుండా
ఇనప తాడు వదిలినట్టు ఊపిరి వదులుతాను.
పది, మెల్లగా.
తొమ్మిది, గాలి చూసుకో.
ఏడు.
ఎనిమిది ఎక్కడో జారిపోయింది, పోనీ.
నాలుగు దగ్గరికొచ్చేసరికి
చేతులు నావి కావు, లీవర్లవి.

నొప్పి పోలేదు.
పోతుందని ఎవరూ అనలేదు.
అదుగో, ఔటర్లో లంగరేసి
దీపాలు వెలిగించుకు కూచుంది.
ఉండుండి హారన్ కొడుతోంది.
కొట్టనీ.
ఈ రాత్రికి బెర్తు ఖాళీ లేదు.

తెల్లారి సంగతి తెల్లారి.